ఎవరూ వెతుక్కుంటూ రాని ఓడ

అమీర్‌పేట నుంచి బల్కంపేట వైపు వెళ్లే ఒక సందులో, లేడీస్ హాస్టల్ మూడో అంతస్తులో, మేం ముగ్గురం ఒకే గదిలో రెండేళ్లకు దగ్గరగా ఉన్నాం. సాఫ్ట్‌వేర్ ఒకసారి పడిపోయి మళ్లీ లేస్తున్న రోజులవి. సందు చివరి నుంచి మైత్రీవనం దాకా నడిస్తే చాలు, చేతిలో పది కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పడేవి. రేపటి నుంచి కొత్త బ్యాచ్, డెమో క్లాసు ఉచితం. గోడలు కనిపించనన్ని బోర్డులు. ఊళ్లన్నీ ఖాళీ అయి అక్కడికే వచ్చినట్టుండేది.

నేను గుంటూరు జిల్లా నుంచి టెస్టింగ్ కోర్సు కోసం వచ్చాను. మా ముగ్గురిలో చిన్నది విజయనగరం దగ్గర పల్లె నుంచి జావా నేర్చుకోవడానికి వచ్చింది. మేం తనను చిన్నమ్మాయి అనేవాళ్లం. మూడో మనిషి కరీంనగర్ వైపు నుంచి. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. మా ఇద్దరికీ ఆమె అక్క. పంజాగుట్టలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో పనిచేసేది. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి మాట్లాడి పంపిన మాటల్ని చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని విని టైపు చేయడం ఆమె పని. సాయంత్రం వచ్చి, "ఇయ్యాల ఒక ముసలాయన గుండె గురించి విన్న పిల్లా. పాపం, పిల్లలెవ్వరు దగ్గర లేరట" అని మాకు తెలియని మనుషుల కష్టాలు చెప్పేది.

నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత నేను చేసిన పని అర్థం కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. నన్ను మేనత్త ఇంట్లో ఉంచారు. అత్తయ్య చెడ్డది కాదు. తన పిల్లలకు ఏది తెస్తే నాకూ అదే తెచ్చేది. కానీ ఇంటికి ఎవరైనా వచ్చి "పిల్లలెందరమ్మా?" అని అడిగితే, "ఇద్దరండీ" అని, ఒక్క క్షణం ఆగి, "మా అన్నయ్య కూతురు కూడా మా దగ్గరే ఉంటుంది" అనేది. ఆ ఆగిన క్షణంలోనే పెరిగాను నేను.

బడి లైబ్రరీ బీరువాలో ఎవరూ ముట్టుకోని ఇంగ్లీషు కథల పుస్తకాలుండేవి. మంత్రాల దేశాలవి, నక్షత్రాల మధ్య తిరిగే ఓడలవి. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. మంత్రాలూ యంత్రాలూ నాకు పెద్దగా పట్టలేదు. నాకు కావలసింది వేరే. ఆ కథల్లో ఎక్కడో ఒకచోట, రాజ్యం నుంచి వెళ్లగొట్టిన సైనికుడూ, మాట పడిపోయిన మంత్రగాడూ, దొంగతనం చేసి పారిపోయిన పిల్లా ఒక మంట చుట్టూ కూర్చుని రొట్టె పంచుకుంటారు. ఒకరికొకరు ఏమీ కారు. తెల్లారేసరికి ఒకరి కోసం ఒకరు చావడానికి సిద్ధమవుతారు. ఆ మంట దగ్గర ఎవరూ "పిల్లలెందరు?" అని అడగరు. అందుకని ఆ పేజీలు మాత్రం మళ్లీ మళ్లీ చదివేదాన్ని.

హైదరాబాద్ వచ్చాక ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అలాంటి పుస్తకాలు గుట్టలుగా కనిపించాయి. అట్టలు చిరిగినవి, పేరున్న పేజీ ఊడిపోయినవి. ఆదివారం మధ్యాహ్నం మెస్‌లో భోజనం అయ్యాక అక్క మా ఇద్దరి తలలకూ నూనె పెట్టేది. నేను ఇంగ్లీషులో ఒక పేజీ చదువుకుని తెలుగులో చెప్పేదాన్ని. అలా చెప్పిన వాటిలో ఒక పాత ఓడ కథ వాళ్లిద్దరికీ బాగా నచ్చింది. నక్షత్రాల మధ్య పాత ఇనుము మోసే ఓడ. దాని కెప్టెన్ ఒక ముసలావిడ. సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాడు ఒకడు, మెకానిక్ ఒకతె, నీళ్ల తొట్టెలో బతికే ఒక జీవి. ఓడలో ఎవరైనా దిగులుగా ఉంటే ఆ జీవి రంగు మారేది. చిన్నమ్మాయికి అదంటే ప్రాణం. "ఇప్పుడు దాని రంగేటక్కా?" అని మధ్యమధ్యలో అడిగేది.

అక్క ప్రశ్నలు వేరుగా ఉండేవి.

"గంత మంది ఉన్నరు గదా. వంట ఎవరు చేస్తరు?"

పేజీలు తిరగేశాను. "రాయలేదక్కా."

"రాయడు. మొగోడు రాసినట్టున్నడు."

ఇంకో ఆదివారం, నా జడ అల్లుతూ ఆగి అడిగింది. "ఆళ్లకు అమ్మనాయినలు లేరా? ఒక్కలకు సుత?"

"లేరక్కా. మెకానిక్ వాళ్ల గ్రహం మొదట్లోనే కాలిపోయింది. కెప్టెన్ వాళ్లంతా యుద్ధంలో పోయారు."

అక్క చాలాసేపు నవ్వింది. "రాసినోడు మస్తు తెలివిగల్లోడు. ముందుగాలనే అందర్ని సంపి పెట్టిండు. ఇగ ఎవ్వలు ఎతుక్కుంట రారు."

అప్పుడు నేనూ నవ్వాను. తర్వాతి రోజుల్లో ఆ మాట గురించి ఆలోచించినంతగా ఏ పుస్తకం గురించీ ఆలోచించలేదు. నిజమే కదా. అలాంటి కథల్లో కొత్త కుటుంబం ఏర్పడాలంటే పాతది ముందే బూడిద కావాలి. మా ముగ్గురి వెనకా ఏదీ బూడిద కాలేదు. అందరూ ఒక బస్సు ప్రయాణం దూరంలోనే ఉన్నారు.

అక్క వెనకున్నది మరీ దగ్గరగా ఉంది. పెళ్లయిన నాలుగేళ్లకు భర్త ఇంటి నుంచి వచ్చేసింది. ఎందుకని చిన్నమ్మాయి ఒకసారి అడిగితే, "కొట్టుడు ఒక్కటే అయితే ఎవలకన్న చెప్పుకునేదాన్ని" అని ఊరుకుంది. పుట్టింటికి పోతే మళ్లీ అక్కడికే దింపారట. రెండోసారి ఎవరికీ చెప్పకుండా నేరుగా నగరానికి వచ్చింది. మా గదిలో చేరిన మొదటి వారంలోనే మా ఇద్దర్నీ మంచం మీద కూచోబెట్టి చెప్పింది. "మా ఇంటోళ్లు ఎవ్వలొచ్చినా నేనీడ లేనని చెప్పుండ్రి. మా అమ్మొచ్చినా సరే. ఇదొక్కటే మిమ్ముల అడిగేది."

మేం సరేనన్నాం. చిన్నమ్మాయి ఆమె చేతిలో చేయి వేసి ఒట్టు కూడా పెట్టింది.

రెండో ఏడాది ఎండాకాలం మొదట్లో ఒక గురువారం పొద్దున, పదకొండు గంటలవుతుంది. చిన్నమ్మాయి క్లాసుకు వెళ్లింది. అక్క డ్యూటీలో ఉంది. సోమవారం నాకు ఇంటర్వ్యూ. నోట్సు ముందేసుకుని కూర్చున్నాను. కింద నుంచి హాస్టల్ ఆంటీ కేకేసింది. "మీ రూమ్‌కి విజిటరొచ్చారమ్మా!"

గేటు పక్క బల్ల మీద తెల్ల చొక్కా వేసుకున్న మనిషి కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చేతిలో స్టీలు డబ్బా ఉంది.

"మా చెల్లె ఈడనే ఉంటదని తెలిసింది బిడ్డా. నేను దాని పెద్దన్నను."

"అలాంటివాళ్లు ఎవరూ లేరండీ" అన్నాను. నాకు అబద్ధం చెప్పడం రాదు. ఆయనకు తెలిసిపోయింది. కోప్పడలేదు. డబ్బా మూత తీశాడు. సర్వపిండి. గిన్నెలో కాల్చిన బియ్యప్పిండి రొట్టె, నువ్వుల వాసన.

"అమ్మ చేసి పంపింది. మంచంల కెల్లి లేవలేకున్నా లేసి చేసింది. దానికి గిదంటే పాణం." డబ్బా మూత పెట్టాడు. "అమ్మకు మంచిగ లేదు బిడ్డా. కిడ్నీలు పాడయినయ్. దినాం దాని పేరే. ఒక్కసారి సూపిచ్చి మళ్ల నేనే బస్సెక్కిస్త. జర నువ్వన్న చెప్పు, ఏడ పని చేస్తది?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నటన అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. "నువ్వు సుత నాకు చెల్లె అసొంటిదానివే" అన్నాడు.

తల్లి పేరు పెట్టి కలవరిస్తుందన్న మాట దగ్గరే నేను ఓడిపోయాను. మా అమ్మ ఆఖరి రోజుల్లో నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. పిల్ల జడుసుకుంటుందన్నారు. ఇన్నేళ్లయినా ఆమె నన్ను పిలిచిందో లేదో నాకు తెలియదు. అక్కకు అలా కాకూడదు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు గొప్పగా కూడా తోచింది. అక్క మమ్మల్ని అడిగిన ఒకే ఒక్క మాట ఆ నిమిషంలో నాకు గుర్తు రాలేదని చెప్పను. వచ్చింది. అయినా పంజాగుట్ట చౌరస్తా దాటాక ఏ సందులో తిరగాలో, ఎన్నో అంతస్తో, భోజనానికి ఎన్నింటికి కిందికి వస్తుందో చెప్పాను.

ఆయన చేతులు జోడించాడు. డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆరు దాటినా అక్క రాలేదు. ఎప్పుడూ అయిదున్నరకల్లా వచ్చేది. చిన్నమ్మాయి కంగారు పడింది. ఇద్దరం పంజాగుట్ట వెళ్లాం. ఆఫీసు కింద వాచ్‌మన్ మమ్మల్ని గుర్తుపట్టాడు.

"ఒంటి గంటకే పోయింది మేడమ్. అన్న అట, అమ్మకు బాగలేదట. ఇంకిద్దరు సుత ఉన్నరు. తెల్ల జీపు."

"ఇష్టంగానే వెళ్లిందా?" అని అడిగాను.

అతను పైకి వెళ్లి, ఒక జత చెప్పులు తెచ్చి మా ముందు పెట్టాడు. అక్కడ కంప్యూటర్లున్న గది బయట చెప్పులు విడవాలి. అక్క కోసం ఎవరో వచ్చారని చెబితే చెప్పులు వేసుకోకుండానే మెట్ల దాకా వచ్చిందట. మళ్లీ పైకి వెళ్లనివ్వలేదు.

చిన్నమ్మాయి ఆ చెప్పులు చేతిలో పట్టుకుని అమీర్‌పేట దాకా నడిచింది. బస్సెక్కుదామంటే వినలేదు.

"వీళ్లకి ఆఫీసు ఎలా తెలిసిందక్కా?" అని అడిగింది దారిలో.

"తెలీదు" అన్నాను.

మర్నాడు పొద్దున ఇద్దరం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. టేబుల్ దగ్గరున్నాయన ఓపిగ్గానే విన్నాడు. "ఆమెకు మీరేమైతరమ్మా?" అని అడిగాడు.

"ఒకే రూమ్‌లో ఉంటామండీ."

"అంటే ఏం గారు. చెల్లెను అన్న తోలుకపోయిండు. ఇంట్ల అమ్మకు బాగలేదంటున్నరు. గిందుల కేసేమున్నది?"

చిన్నమ్మాయి బల్ల అంచు పట్టుకుని, "ఆవిడ మా అక్కండీ" అంది. ఆయన మా ఇద్దరి ముఖాలూ, మా మాటల్లో యాసా చూసి, నీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన దగ్గరున్న కాగితంలో మాకు గడి లేదు, అంతే.

ఆ సాయంత్రమే నా సంగతి బయటపడింది. చిన్నమ్మాయి హాస్టల్ ఆంటీతో గొడవ పెట్టుకుంది, ఆవిడే చెప్పి ఉంటుందని. ఆంటీ ఊరుకుంటుందా? "నాకేం తెలుసమ్మా ఆ అమ్మాయి ఆఫీసు? ఆ వచ్చినాయనతో అరగంట మాట్లాడింది మీ రూమ్మేటే" అంది. నేను మెట్ల మీదే ఉన్నాను. తిరిగి పైకెక్కాను.

గదిలోకి వచ్చాక చిన్నమ్మాయి అరవలేదు. సర్వపిండి డబ్బా నా మంచం కింద ఉంది. దాన్ని బయటికి లాగి చూసి, "తిన్నావా?" అని అడిగింది.

"లేదు. వాళ్లమ్మ..."

"నాకు చెప్పకు."

డబ్బాను మళ్లీ మంచం కిందికి తోసి, తనే అంది. "నీ పుస్తకంలో వోళ్లయితే వెళ్దురు కదా? ఎవర్నయినా ఎత్తుకుపోతే ఓడ తిప్పుకుని వెళ్దురు కదా?"

"వాళ్ల ఊరు కూడా సరిగా తెలీదు మనకి."

"నాకు తెలుసు. ఒకసారి వోళ్లమ్మకి ఉత్తరం రాసి, పోస్టు చేయకుండా చింపేసింది. కవరు మీద చూశాను. ఆదివారం వెళ్దాం."

"సోమవారం నాకు ఇంటర్వ్యూ ఉంది" అన్నాను.

తను నావైపు చూసిన చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. నేను ఏ కథలు చెబుతూ వచ్చానో, అవన్నీ నిజమని తను నమ్మింది. చెప్పే మనిషి నమ్ముతుందో లేదో ఆ పిల్ల ఎప్పుడూ అనుమానించలేదు.

ఆదివారం తనొక్కతే వెళ్లింది. ఇరవై ఒక్కేళ్ల పిల్ల, ఆ వైపు ఎప్పుడూ వెళ్లనిది, రెండు బస్సులు మారి. చెప్పులు సంచిలో పెట్టుకుని వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చి నాతో ఏమీ చెప్పలేదు. పక్కగది వాళ్లకు చెబుతుంటే గోడ అవతల నుంచి విన్నాను. అక్క గుమ్మం దగ్గరికి వచ్చిందట. వెనక అన్న నిలబడ్డాడట. "ఎందుకొచ్చినవే, పో" అందట అక్క. అంటూనే ఈ పిల్ల ముంజేయి పట్టుకుని వదల్లేదట. చెప్పులు అక్కడే వదిలి వచ్చేసింది.

సోమవారం ఇంటర్వ్యూ బాగా చేశాను. ఉద్యోగం వచ్చింది. నెల తిరగకుండా మాదాపూర్ వైపు కంపెనీకి దగ్గరగా గది తీసుకున్నాను. నేను సామాను దించుతుంటే చిన్నమ్మాయి కిటికీ పక్కనున్న అక్క మంచం మీద, ఇటు తిరగకుండా కూర్చుంది.

పుస్తకాలు మానలేదు. అది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. జీతం వచ్చాక కొత్తవే కొన్నాను. అయితే చదివే తీరు మారింది. ఆ కథల్లో తోటివాళ్లను పట్టిచ్చినవాడు ఒకడుంటాడు. భయంతోనో, ప్రేమతోనో పట్టిస్తాడు. ఆఖరి యుద్ధంలో అందరూ ఓడిపోయే వేళకు తిరిగొస్తాడు. దెబ్బకు అడ్డం పడతాడు. ముసలి కెప్టెన్ అతని తల ఒళ్లో పెట్టుకుంటుంది. నేనూ ఏళ్ల తరబడి అలాంటి రోజు కోసం ఎదురుచూశాను. మాకు ఏ యుద్ధమూ రాలేదు. పొద్దున్నే క్యాబ్, సాయంత్రం క్యాబ్, మధ్యలో బగ్గులు. అక్క ఎలా ఉందో తెలియదు. తెలుసుకోవడానికి ఫోను ఎత్తే ధైర్యం లేదు.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. అమీర్‌పేట నడిమధ్యలో మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. ట్రాఫిక్‌లో ఆగిన బస్సులో, నా ముందు సీట్లో చిన్నమ్మాయి కూర్చుని ఉంది. కళ్లద్దాలు వచ్చాయి. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు. ఖైరతాబాద్ దాకా పక్కపక్కన కూర్చున్నాం. దిగేముందు అడిగాను, "అక్క?"

"సనత్‌నగర్‌లో. నేనూ అక్కడే. ఇద్దరం కలిసే ఉంటన్నాం."

"వచ్చి చూడనా?"

"అడిగి చెప్తాను" అంది. వారం తర్వాత ఫోన్ చేసి రమ్మంది.

వాళ్లది రెండు గదుల ఇల్లు. కింద లేత్ మిషన్ షాపు, నేలంతా సన్నగా అదిరేది. అక్క తలలో తెల్ల వెంట్రుకలొచ్చాయి. కూచోమంది. చాయ్ పెట్టింది. ఏడు నెలలు పుట్టింట్లో ఉంచారని, భర్త దగ్గరికి పంపబోతే వెళ్లనని అన్నం మానేసిందని, అన్న విసిగి వదిలేశాడని, చిన్నమ్మాయి మళ్లీ వచ్చి తీసుకెళ్లిందని, ఎవరో తెలిసినవాళ్ల సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"మీ అమ్మగారు?" అన్నాను.

"నేను పోయిన నాలుగో నెలల పోయింది. నా చేతులనే పోయింది." గ్లాసు కింద పెట్టింది. "అమ్మను సూసిన. గది నీ వల్లనే. మిగిలింది సుత నీ వల్లనే. రెంటిని నేను కలపలేను పిల్లా. చానసార్లు సూసిన కలుపుదామని."

క్షమించమని అడగడానికే వెళ్లాను. ఆ మాట విన్నాక అడగలేదు. ఆమె నాకంటే ఎక్కువగా ఆ సంగతి ఆలోచించింది. ఆలోచించి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. నా కన్నీళ్లతో దాన్ని కదపడం అన్యాయమనిపించింది.

అప్పట్నుంచి ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్తాను. కూర్చోబెడతారు, తినిపిస్తారు. వాళ్లు మా ఇంటికి రారు. కథలు చెప్పమని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. వాళ్లింట్లో ఎవరి పని ఏదో నాకిప్పుడు తెలుసు. వంట అక్కది, బజారు చిన్నమ్మాయిది. కరెంటు పోతే ఎవరు లేచి కొవ్వొత్తి వెతుకుతారో కూడా తెలుసు. నేను పుస్తకాల్లో వెతికినదంతా ఆ రెండు గదుల్లో ఉంది. నేను గుమ్మం ఇవతల నిలబడి చూస్తుంటాను.

ఆ మధ్య అక్కకు గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి. ఆ రోజు సెలవు పెట్టి వెళ్లాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి ఫారం ముందుకు తోసి, "పేషెంట్ తరఫున ఎవరు సంతకం పెడతారు?" అని అడిగింది. నేనే దగ్గర్లో ఉన్నాను. పెన్ను అందుకున్నాను.

బల్ల మీద కూర్చున్న అక్క, గొంతు పెంచకుండానే, "ఆమె కాదు. గామె" అంది.

చిన్నమ్మాయి వచ్చి నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. సంబంధం అన్నచోట చెల్లెలు అని రాసింది. ఇంటి పేరు వేరు, ఊరు వేరు, మాట వేరు. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. నేను పక్కకు జరిగి అక్క సంచీ, ఫ్లాస్కూ పట్టుకుని నిలబడ్డాను.

ఆపరేషన్ బాగానే అయింది. సాయంత్రం నాలుగింటికి వార్డులోకి తెచ్చారు. మత్తు వదిలేసరికి ఇద్దరం చెరో పక్కా ఉన్నాం. అక్క ముందు చిన్నమ్మాయి వైపు తిరిగి, "తిన్నవా?" అని అడిగింది. తిన్నానని తలూపింది చిన్నమ్మాయి. తర్వాత నావైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నువ్వు పో ఇగ" అంది. "చీకటయితది. నీకు దూరం."

నా మీద దయతో అన్నదో, నేను ఎదురుగా ఉంటే ఆమెకు కష్టంగా ఉందో తెలియలేదు. అడిగే హక్కు లేదనిపించింది. సంచి చిన్నమ్మాయికి ఇచ్చి, మందులు ఏ అరలో పెట్టానో చెప్పి, మెట్లు దిగాను.